రేచీకటియు, నేత్రపటల చిత్రములును

పగటివేళ చక్కగా చూచువాడు ప్రొద్దు క్రుంకగనే త్రోవ కానక తడబడుటకు రేచీకటి యని పేరు. వానలు చాలని మన అనంతపురము పీఠభూమియందు ఈ మాట యెఱుగని పెద్దలుండరు. కాటకము వచ్చిన యేడు ఆకుకూరలును పాడియు కరవైన యిండ్లలో, దీపములు పెట్టు వేళకు బిడ్డలు గడప తట్టుకొని పడుచుండిరని వారు చెప్పుదురు. అందుచే రేచీకటి యనగానే తిండిలోని లోపమని తలచుట మన ప్రాంతమున సహజము. చాలమార్లు ఆ తలంపు నిజమే యైనది.

కాని రేచీకటులన్నియు ఒక జాతివి కావు. పాలును పండ్లును లోటులేక తినుచున్న బిడ్డకును రేచీకటి రావచ్చును. అట్టిది తిండివలన గాక వంశమువలన వచ్చినది. మొదటిదానికి ఇచ్చిన మందు కొలది దినములలో గుణమిచ్చును. రెండవదానికి ఆ మందు పనిచేయదు; వంశమున వచ్చు నేత్రరోగములలో కొన్నిటికి అది కీడును చేయవచ్చును. ఈ రెండింటిని వేఱుపఱచుటకును, రెండవదానిలోని భేదములను గుర్తించుటకును నేటి వైద్యులకు ముఖ్య సాధనము కంటి లోపలి చిత్రము. అది యెట్లు తీయబడునో, యేమి తెలుపునో, దానివలన మన కుటుంబములకు కలుగు మేలేమో ఈ వ్యాసమున వివరింప బూనితిని.

కన్ను చూచు విధము

కంటి వెనుకగోడకు లోపలివైపున పలుచని పొర యొకటి అంటియుండును. దానిని నేత్రపటల మందురు. రెటీనా యనియు వ్యవహరింతురు. కనుపాప గుండ ప్రవేశించిన వెలుతురు ఈ పొరపై బడి, నరముల మూలమున మెదడును చేరి, చూపగుచున్నది. ఇందు వెలుతురును గ్రహించు కణములు రెండు విధములు. కఱ్ఱవలె పొడవైనవి దండకణములు. కొన సన్నగిలినవి శంకుకణములు. ఒక్కొక్క కంట దండకణములు 9 కోట్లకు పైగా నుండును; శంకుకణములు సుమారు 50 లక్షలు. మసక వెలుతురున చూచుటకును, చుట్టుప్రక్కల కదలికలను కనిపెట్టుటకును దండకణములు తోడ్పడును. పగటి వెలుతురున అక్షరములు చదువుటకును, రంగులు గుర్తించుటకును శంకుకణములు పనిచేయును. ఇవి పటలము నడుమ దట్టముగా గుమిగూడి యుండును.

దండకణములలో వెలుతురు సోకగనే మాఱు వర్ణద్రవ్యమొకటి కలదు. దాని పేరు రోడాప్సిన్. అది తయారగుటకు విటమిన్ ఏ కావలెను. నేత్రపటలమునందు విటమిన్ ఏ కలదని 1933లో కనుగొన్న జార్జి వాల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞునకు, చూపును గూర్చిన పరిశోధనలకుగాను 1967లో మఱి యిద్దఱితో కూడ నోబెల్ బహుమానము లభించెను.

తిండివలన కలుగు రేచీకటి

తినునట్టి ఆహారమున విటమిన్ ఏ చాలనిచో రోడాప్సిన్ తయారు కాదు. మొట్టమొదట రాత్రిచూపు తగ్గును. పిదప తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చ లేర్పడును. అప్పటికిని మేలుకొననిచో నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగా పోవచ్చును. కూనూరులో 1918లో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు మాఱిన జాతీయ పోషకాహార సంస్థవారు ఈ విషయమున గొప్ప కృషి చేసిరి. చిన్నబిడ్డలకు ఆఱు మాసముల కొక పర్యాయము 2 లక్షల యూనిట్ల విటమిన్ ఏ నోటిద్వారా ఇచ్చినచో ఈ కీడు తగ్గునని వారి పరీక్షలు తెలిపెను. దానిని ఆధారము చేసికొని భారత ప్రభుత్వము 1970లో దేశవ్యాప్తముగా ఆ పద్ధతిని ప్రారంభించెను. మునగాకు, తోటకూర, బొప్పాయి, పాలు, గ్రుడ్డు మొదలగు వానిలో ఈ పోషకమో, దానికి మూలమగు పదార్థమో సమృద్ధిగా కలదు.

ఇట్టి బిడ్డకు తొలిదశలో నేత్రపటలము చెడిపోలేదు. ప్రమిదయు వత్తియు బాగుగనే యున్నవి. నూనె మాత్ర మింకినది. నూనె పోసినచో దీపము మరల వెలుగును.

వంశమున వచ్చు రేచీకటి

రెండవ విధమున నూనె యుండును; వత్తియే మెల్లమెల్లగా కాలిపోవుచుండును. అనగా వెలుతురును గ్రహించు కణములే యొకటి తరువాత నొకటి నశించును. ఇట్టి రోగములలో మిక్కిలి తెలిసినది రెటినైటిస్ పిగ్మెంటోసా. హాలండు దేశపు వైద్యుడు డాండర్స్ 1857లో దీని కీ పేరు పెట్టెను. మొదట దండకణములు చెడుటచే రాత్రిచూపు పోవును. పిదప ప్రక్కచూపు తగ్గి, వెదురు గొట్టము గుండ చూచినట్లు నడిమి భాగము మాత్రమే కనిపించును. చివరకు ఆ నడిమి చూపును సన్నగిలును. లోకమున సుమారు 4,000 మందికి ఒక్కరికి ఇది యున్నదని అంచనా. చెన్నపట్టణమునందలి శంకర నేత్రాలయమువారు 2008లో ప్రకటించిన పరిశీలనలో, 40 ఏండ్లు దాటిన దక్షిణదేశపు జనులలో ఇది అంతకంటె మిక్కిలి హెచ్చుగా కనబడెను.

వేఱు రోగములును కలవు. జర్మను వైద్యుడు స్టార్‌గార్ట్ 1909లో వర్ణించిన వ్యాధి నడిమి చూపును ముందుగా హరించును. బడిలో నల్లబల్ల మీది అక్షరములు కనబడకుండుట, కండ్లద్దములు పెట్టినను మేలు కలుగకుండుట దీని తొలి గుర్తులు. 1869లో లీబర్ వర్ణించినది పసితనముననే చూపును తీసివేయును. కొన్ని రోగములలో చెవుడును కలిసి యుండును. ఈ నేత్రపటల రోగములకు కారణమగు జన్యువులు ఇంతవఱకు సుమారు 300 కనుగొనబడినవి.

ఇవి వంశమున నెట్లు దిగునో తెలిసికొనుట అవసరము. మన శరీరమున అనేక జన్యువులు జంటలుగా నుండును. జంటలో నొకటి తండ్రినుండియు, రెండవది తల్లినుండియు వచ్చును. ఒక తోటకు రెండు బావులున్న వనుకొనుడు. ఒకటి యెండినను రెండవది పైరును కాపాడును. రెండును ఎండిననే తోట మాడును. అట్లే జంటలో ఒక జన్యువు చెడినను చాల రోగములయందు మనుష్యుడు ఆరోగ్యముగనే యుండును. అట్టివా రిరువురు దంపతులైనచో, పుట్టు ప్రతి బిడ్డకును రెండు చెడ్డ ప్రతులు వచ్చు సంభవము నాలుగింట ఒక పాలు. తల్లికిని తండ్రికిని చూపు చక్కగా నుండి, బిడ్డకు మాత్రము రోగము వచ్చుటకు తఱచు కారణ మిదియే. ఇది శాపమును కాదు, తల్లి గ్రహణమునాడు చేసిన తప్పును కాదు.

మన సీమలో మేనరికము వాడుక. మేనత్త మేనమామల బిడ్డలు పెండ్లియాడినచో, వారి సంతానమున ఏదేని యొక జంటయందు ఒకే పూర్వుని జన్యువు ఇరువైపులనుండియు వచ్చు సంభవము 16లో 1; మేనమామ మేనకోడలిని పెండ్లియాడినచో 8లో 1. మేనరికపు దంపతులలో పెక్కండ్రకు ఆరోగ్యవంతులగు బిడ్డలే పుట్టుదురు. కాని ఆ కుటుంబమున ఇట్టి నేత్రరోగ ముండి యున్నచో అపాయము హెచ్చునని గ్రహింపవలెను. మేనరికము లేనిచోటను ఇవి రావచ్చును. కొన్ని తల్లి వలన కుమారులకు మాత్రమే సంక్రమించును; కొన్ని ఒక్క చెడ్డ ప్రతి చేతనే కలుగును.

అక్షరముల పట్టిక చాలదు

2019వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీని మన అనంతపురముననే రాష్ట్ర ప్రభుత్వమువారి కంటి వెలుగు పథకము ప్రారంభింపబడెను. మొదటి దశలో పాఠశాలల బాలబాలికల చూపు పరీక్షింపబడినది. ఇట్టి పరీక్షలవలన కండ్లద్దములు కావలసిన పిల్లలు బయటపడుదురు; అది గొప్ప మేలు. అయినను ఒక విషయము మఱువరాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా ఆరంభమున నున్న బిడ్డకు నడిమి చూపు చెడదు. పగటి వెలుతురున పట్టికలోని కడపటి వరుసను గూడ అతడు చదువగలడు. చదివినాడు గనుక దోషము లేదని పంపివేసినచో రోగము దాగియే యుండును. నేత్రపటలమును చూచినగాని అది తెలియదు.

కంటి లోపలికి చూచుట

సజీవుని నేత్రపటలము చూచుటకు తగిన పనిముట్టును 1850లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కల్పించెను. అంతకుముందు కనుపాప నల్లని రంధ్రమువలె కానవచ్చుచుండెనే గాని, దాని లోపల నేమున్నదో వైద్యులకు తెలియకుండెను. మానవుని నేత్రపటలమునకు తొలి ఛాయాచిత్రము 1886లో ఇంగ్లండున జాక్‌మన్, వెబ్‌స్టర్ అనువారు తీసిరి. దానికి రెండున్నర నిమిషములు కన్ను కదల్పక యుండవలసి వచ్చెను. నేడు రెప్పపాటు కాలమున స్పష్టమగు రంగుల చిత్రము లభించును. రోగమున్నచో పటలపు అంచులలో ఎముక చీలికలను బోలిన నల్లని మచ్చలును, సన్నబడిన రక్తనాళములును, పాలిపోయిన నేత్రనాడి మొనయును ఆ చిత్రమున కానవచ్చును.

రెండవది స్వయంప్రకాశ చిత్రము. నేత్రపటలము క్రింది పొర కణములలో వయస్సుతో కూడ ఒక విధమగు పసుపు పదార్థము చేరుచుండును. తగిన వెలుతురు ప్రసరించినచో అది తనంత తాను మెఱయును. లండనునందలి వైద్యులు 1995లో ఈ మెఱపును చిత్రించు పద్ధతిని వెల్లడించిరి. ఎక్కువగా మెఱయు చోట కణములు కష్టమున నున్నవి. నల్లగా నున్న చోట నశించినవి. రెటినైటిస్ పిగ్మెంటోసాలో, మిగిలిన మంచి భాగమునకు సరిహద్దుగా ప్రకాశించు వలయ మొకటి తఱచు కనబడును. వేసవిలో చెఱువెండునపుడు నీటి యంచు గట్టును వీడి నడుమకు జరుగునట్లు, ఆ వలయము సంవత్సరములు గడచినకొలది ఇఱుకగుచుండును. దానిని కొలిచి రోగ మెంత వేగమున నడచుచున్నదో చెప్పవచ్చును. మఱియొక విశేషము కలదు. కుమారులకు మాత్రమే సంక్రమించు ఒక విధమగు రోగమున, తనకు బాధ యేమియు లేని తల్లి కంటి చిత్రమునగూడ నడుమనుండి అంచులకు ప్రాకు మెఱుపు చారలు కనిపించుట కద్దు. అనగా రోగమును మోయుచున్న వారిని గుర్తించుటకును చిత్ర మొకప్పుడు సాయపడును.

మూడవది ఆప్టికల్ కోహిరెన్స్ టోమోగ్రఫీ, క్లుప్తముగా ఓ.సి.టి. అందురు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1991లో దీనిని ప్రకటించిరి. మనము బావి త్రవ్వునపుడు ప్రక్కగోడలో ఎఱ్ఱమన్నును, గరుసును, రాతిని పొరలు పొరలుగా చూతుము గదా. ఈ యంత్రము కన్నును తాకకయే, వెలుతురు వెనుకకు మఱలు తీఱును బట్టి, నేత్రపటలములోని పొరల నట్లే చూపును. మిల్లీమీటరులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే యుండు భేదమును గూడ ఇది కనిపెట్టును. నొప్పి లేదు, సూది లేదు. గడ్డ మానించి కొన్ని క్షణములు చూపు నిలిపినచో చాలును. వెలుతురును గ్రహించు కణములు ప్రాణముతో నున్నచోట ఆ చిత్రమున ప్రకాశించు గీత యొకటి కనబడును. కణములు నశించిన చోట గీత తెగిపోవును. ఆ గీత యొక్క మిగిలిన పొడవే మిగిలిన చూపునకు కొలత.

1997లో ఇంకొక అద్భుతము జరిగెను. నక్షత్రముల కాంతి గాలిలో చలించుటను సరిదిద్దుటకు ఖగోళజ్ఞులు వాడు పద్ధతినే కంటికి ఉపయోగించి, అమెరికాలోని రాచెస్టరు విద్యాలయమువారు సజీవుని కంట ఒక్కొక్క శంకుకణమును వేఱుగా చూడగలిగిరి. ఈ యంత్రము ఇప్పటికిని పరిశోధనశాలలలోనే హెచ్చుగా నున్నది.

హైదరాబాదున జరిగిన పరిశోధన

ఇవి దూరదేశముల మాటలే కావు. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపింపగా 1987లో హైదరాబాదున పని మొదలిడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వఱకు ఆంధ్రదేశమున నాలుగు తావులలో 10,293 మంది కండ్లను పరీక్షించిరి. మన జిల్లా అందు చేరకున్నను ఫలితము మనకును పాఠమే. నూటికి 1.84 పాళ్ల మంది అంధులని తేలెను. అందు శుక్లమువలన అంధులైనవారు 44 పాళ్లు. అనగా అంధత్వమున పెద్దభాగము శస్త్రచికిత్సచేతను కండ్లద్దములచేతను తొలగదగినదే. నేత్రపటల రోగుల సంఖ్య తక్కువ. కాని వారికి అట్టి సులభోపాయము లేదు. అందుచేతనే వారిని గూర్చి ప్రత్యేక పరిశోధన కావలసియున్నది.

ఆ సంస్థలోనే శాస్త్రజ్ఞురాలు చిత్రా కన్నబిరాన్‌గారును, నేత్రపటల వైద్యురాలు సుభద్ర జలాలిగారును, వారి తోడివారును వంశమున ఈ రోగమున్న కుటుంబములను పరీక్షించిరి. 2009లో ప్రకటించిన పరిశోధనలో వారు అనుసరించిన మార్గము గమనింపదగినది. రక్తసంబంధికుల సంతానమున జన్యుపటములోని కొన్ని భాగములు ఇరువైపులను ఒకే తీఱుగా నుండును. రోగకారణము తఱచు ఆ భాగములందే దాగియుండును గనుక అచ్చటనే వెదకవలెను. మేనరికము రోగమునకు త్రోవ తీసినట్లే, రోగకారణమును కనుగొనుటకును త్రోవ చూపినది. 2012లో వారు మఱి మూడు జన్యువులలోని దోషములను భారతీయ కుటుంబములందు వెల్లడించిరి. అందొకటియగు ఎమ్.ఎఫ్.ఆర్.పి. చెడినవారి కనుగ్రుడ్డు పొట్టిగా నుండును, ఓ.సి.టి. చిత్రమున నేత్రపటలపు నడిమి పొరలు విడిపోయినట్లు కానవచ్చును. ఇట్లు చిత్రము ఏ జన్యువు దోషమో సూచించును; రక్తపరీక్ష దానిని స్థిరపఱచును.

నేడు కొందఱు శాస్త్రజ్ఞులు వేలకొలది చిత్రములను గణనయంత్రమునకు చూపి, చిత్రమును బట్టి జన్యువు నూహించుట నేర్పుచున్నారు. యంత్రము తనకు చూపినవానిని బట్టియే నేర్చును. కావున మన ప్రజల చిత్రములును, వారి సమ్మతితో, అందు చేరుట మేలు.

చికిత్స యున్నదా?

సత్యము చెప్పవలెనన్న, ఈ రోగములలో పెక్కింటికి పూర్ణమగు చికిత్స యింకను లేదు. ఒక్క సందున తలుపు తెఱచుకొన్నది. ఆర్.పి.ఇ.65 అను జన్యువు రెండు ప్రతులును చెడినవారికి, మంచి ప్రతిని నేత్రపటలము క్రిందికి చేర్చు మందును 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ అంగీకరించెను. దాని వెల రెండు కండ్లకు 8,50,000 డాలర్లుగా ప్రకటింపబడెను. సామాన్యుల కది అందనిది. అంతేకాదు, బ్రతికియున్న కణములు తగినన్ని లేని కంటికి ఆ మందు నిష్ఫలము. కణములున్నవో లేవో చెప్పునది చిత్రమే.

సులభమగు ఉపకారములును కలవు. కొందఱు రోగులకు నేత్రపటలపు నడుమ నీరు చేరి, ఉన్న చూపును తగ్గించును. కొందఱికి శుక్లము వచ్చును. మొదటిదానిని ఓ.సి.టి. చూపును, దానికి మందు కలదు. రెండవదానికి శస్త్రచికిత్స కలదు. స్టార్‌గార్ట్ వ్యాధిగలవారు విటమిన్ ఏ మాత్రలను తమంత తాము వాడరాదని వైద్యులు హెచ్చరింతురు. వారి కంట చేరు విషపదార్థము ఆ విటమిన్ నుండియే పుట్టును. రేచీకటికి మందని అంగడిలో కొన్న సీసా ఒకరికి అమృతమై మఱియొకరికి కీడగుట ఇట్లే. కావున పరీక్ష ముందు, మందు పిమ్మట.

మన కర్తవ్యము

తల్లిదండ్రులును ఉపాధ్యాయులును కొన్ని గుర్తులను కనిపెట్టవలెను. బిడ్డ మునిమాపున ఆట విడిచి ముందుగా ఇల్లు చేరుట. ఎండనుండి గదిలోనికి వచ్చినపుడు చాలసేపు తడవులాడుట. ప్రక్కనున్న బిందెను తన్నుకొనుట. విసరిన బంతి కానకుండుట. కండ్లద్దములున్నను నల్లబల్ల చదువలేకుండుట. ఇట్టి బిడ్డను పరధ్యానము గలవాడనియు మొద్దనియు నిందించుట అన్యాయము. వాని కన్ను వానికి ద్రోహము చేయుచున్నదే గాని, వాని బుద్ధి కాదు.

పుట్టపర్తిలో 1991లో వెలసిన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థయందు నేత్రవైద్య విభాగము కలదు. బెంగుళూరునందు మింటో కంటి ఆసుపత్రియు, హైదరాబాదున పైని చెప్పిన సంస్థయు కలవు. పోవునపుడు బిడ్డనొక్కని గాక, తల్లిదండ్రులును తోబుట్టువులును కూడ వెళ్లుట మంచిది. కుటుంబ మంతటి చిత్రములు చేరిననే రోగము దిగిన త్రోవ తెలియును. ఇంటివారిలో ఎవ్వరికెవ్వరితో మేనరికమో దాచక చెప్పవలెను.

మన పల్లెలలో ఈ రోగమును దాచుట యెక్కువ. ఆడబిడ్డకు సంబంధములు రావని తల్లిదండ్రుల భయము. ఆ భయము అర్థము లేనిది కాదు. కాని దాచినందువలన రోగ మాగదు. తెలియక చేసిన మఱియొక మేనరికమున అదే దుఃఖము మరుసటి తరమునకు దిగును. తెలిసికొన్నవారు పెండ్లికి ముందే వైద్యుని సలహా పొందవచ్చును.

చూపు తగ్గిన బిడ్డకు చదువు ముగియలేదు. పెద్ద అక్షరముల పుస్తకములు, బ్రెయిలీ లిపి, చదివి వినిపించు ఫోనులు నేడు కలవు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము అట్టివారికి విద్యయందు హక్కు లొసగినది. చూపు మిగిలియుండగనే ఈ విద్యలు నేర్చినచో తరువాతి దినములు సుగమములగును. అందుకును రోగము నడక ముందుగా తెలియవలెను.

విద్యార్థులారా! మీ తరగతిలో సాయంకాలము తడబడు స్నేహితుడున్నచో నవ్వకుడు. చేయి పట్టి యింటికి చేర్చి, ఉపాధ్యాయునితో చెప్పుడు. ఈ వ్యాసమునందు పేర్కొన్న యంత్రము లన్నియు అటుపిమ్మటనే పనికి వచ్చును.